మింగడం వచ్చు, అరిగించుకోవడం రాదు: స్టాటిన్ మాత్ర మాక్రోఫేజ్‌ని ఏం చేస్తుంది?

గుండెపోటుతో చనిపోయిన మనిషి రక్తనాళాన్ని సన్నటి పొరగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, గోడ లోపలివైపు కొన్ని కణాలు వింతగా కనిపిస్తాయి. బాగా ఉబ్బిపోయి, ఒళ్లంతా చిల్లులు పడి, అచ్చం సబ్బు నురగలా ఉంటాయి. ఫోమ్ సెల్స్ అన్న పేరు అలా వచ్చిందే. తమాషా ఏమిటంటే, అవి చిల్లులు కావు. స్లైడు తయారుచేసేటప్పుడు కణజాలాన్ని ఆల్కహాల్లో, జైలీన్‌లో ముంచుతారు. కొవ్వంతా వాటిలో కరిగిపోతుంది, బొట్టు ఉన్న చోట బొక్క మిగులుతుంది. ఆ ద్రావకాల జోలికి పోకుండా కణజాలాన్ని గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ ఓ అనే రంగు పట్టిస్తే, అవే చోట్ల ఎర్రటి బొట్లు గుత్తులు గుత్తులుగా తేలతాయి. కణంలో ఖాళీ అన్నదే లేదు, కొలెస్ట్రాల్‌తో కిక్కిరిసిపోయి ఉంది.

ఈ కణాల్లో చాలావరకు మాక్రోఫేజులు, అంటే రోగనిరోధక వ్యవస్థలో చెత్త ఎత్తిపోసే పని చేసే తెల్లకణాలు. (నాళం గోడలోని కండర కణాలు కూడా కొన్ని ఇలా వేషం మారుస్తాయి. వాటి సంగతి ఇక్కడ వదిలేద్దాం.) స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర కాలేయం మీద పనిచేస్తుందని వినని వాళ్లు తక్కువ. అసలు రోగం కూర్చున్నది మాత్రం ఈ నురగ కణాల దగ్గర. మరి మాత్ర వీటిని ఏం చేస్తోంది? ప్రయోగశాల గిన్నెలో చూస్తే వచ్చే జవాబు కాస్త కంగారు పెట్టేలా ఉంటుంది. మనిషి ఒంట్లో చూస్తే ఇంకోలా ఉంటుంది. ఈ రెండూ ఎందుకు కలవవో అర్థమైతే, ఈ మందుల గురించి వచ్చే సగం వార్తలు వాటంతటవే విడిపోతాయి.

మింగలేక, కక్కలేక

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. కొలెస్ట్రాల్ అణువులో నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ వలయాలను పగలగొట్టే ఎంజైమ్ మన ఒంట్లో ఏ కణానికీ లేదు. చక్కెరనూ మామూలు కొవ్వునూ కాల్చి శక్తి తీసుకోవచ్చు, దీన్ని కాల్చలేం. వదిలించుకునే దారి దాదాపు ఒక్కటే: కాలేయం దాన్ని పైత్య ఆమ్లాలుగా మార్చో, ఉన్నదున్నట్టుగానో పైత్యరసంలో కలిపి పేగులోకి పంపాలి. మిగతా కణాల చేతిలో ఉన్నవి రెండే పనులు, దాచుకోవడం, లేదా కాలేయానికి మోసుకెళ్లే వాళ్లెవరికైనా అందించడం.

మామూలు కణానికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. నెత్తురులో కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే కణికలు ఎల్‌డీఎల్. వాటిని పట్టుకుని లోపలికి లాగే ఎల్‌డీఎల్ రిసెప్టర్ దాని గుమ్మం దగ్గర ఉంటుంది. లోపల కొలెస్ట్రాల్ చాలనుకుంటే ఆ రిసెప్టర్ల సంఖ్య తగ్గించేసుకుంటుంది. ఈ ఏర్పాటును కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాక్రోఫేజ్ దగ్గర మాత్రం ఇంకో గుమ్మం ఉందని 1979లో చూపించింది కూడా వాళ్ల బృందమే. మామూలు ఎల్‌డీఎల్‌లో ఎంతసేపు నానబెట్టినా మాక్రోఫేజ్ ఉబ్బలేదు. అదే ఎల్‌డీఎల్‌ని రసాయనికంగా కొంచెం మార్చి ఇస్తే ఆబగా మింగేసింది. నాళం గోడలో ఇరుక్కుని ఆక్సిజన్ సోకి పాడైన ఎల్‌డీఎల్‌దీ ఇదే వరస. దాన్ని పట్టుకునే స్కావెంజర్ రిసెప్టర్లకు ‘చాలు’ అనడం తెలియదు. లోపల ఎంత నిండినా ఆ గుమ్మం మూతపడదు.

అది మాక్రోఫేజ్ తప్పు కాదు. చచ్చిన కణాలనూ సూక్ష్మజీవులనూ తినడం దాని ఉద్యోగం. కడుపు నిండిందని మానేసే రకమైతే ఆ ఉద్యోగానికి పనికిరాదు.

లోపలికి వచ్చిన సరుకును లైసోజోమ్ అనే కణం లోపలి అరుగుదల సంచి విడగొడుతుంది. విడిగా ఉన్న కొలెస్ట్రాల్ ఎక్కువైతే కణానికి విషం, పొరలు బిగుసుకుపోతాయి. అందుకని ఏసీఏటీ అనే ఎంజైమ్ దానికి ఒక కొవ్వు ఆమ్లాన్ని అతికించి, ప్రమాదం లేని రూపంలో బొట్లుగా దాస్తుంది. మైక్రోస్కోపులో కనిపించిన ఎర్రటి బొట్లు ఇవే. బయటికి పంపే పని ఏబీసీఏ1, ఏబీసీజీ1 అనే రెండు పంపులది. ఇవి కొలెస్ట్రాల్‌ను పొర అవతలికి తోస్తే, దాన్ని కాలేయానికి మోసుకెళ్లే హెచ్‌డీఎల్ కణికలు, వాటికి మూలమైన ఏపీఓఏ1 ప్రోటీన్ అందుకుంటాయి.

ఏబీసీఏ1 పంపు పుట్టుకతోనే పాడైతే ఏమవుతుందో చూడాలంటే టాంజియర్ వ్యాధిని చూడాలి. అమెరికాలో చెసపీక్ అఖాతంలో టాంజియర్ అనే చిన్న దీవి ఉంది, మొదటి రోగులు అక్కడివాళ్లే. ఆ పిల్లల గొంతులో టాన్సిల్స్ నారింజ రంగులో, ఉబ్బిపోయి ఉండేవి. టాన్సిల్స్ నిండా మాక్రోఫేజులే. బయటికి దారి లేని కొలెస్ట్రాల్ వాటిలో పేరుకుపోయింది, దానితోపాటు వచ్చిన కెరొటిన్ జాతి రంగులు అక్కడే ఉండిపోయాయి. నెత్తురులో హెచ్‌డీఎల్ దాదాపు లేదు. దీనికి కారణమైన జన్యువు ఏబీసీఏ1 అని 1999లో తేలింది.

ఒకే మీట, రెండు చోట్ల

కణంలో కొలెస్ట్రాల్ ఎంత ఉందో కనిపెట్టి చూసే కావలివాళ్లు ఇద్దరు, ఇద్దరూ ప్రోటీన్లే. ఒకరి పేరు ఎస్‌ఆర్‌ఈబీపీ-2, లోటు వస్తే లేస్తాడు. కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే భాగం పొరలో ఉన్న కొవ్వుల్లో కొలెస్ట్రాల్ వాటా సుమారు 5 శాతం కంటే తగ్గితే చాలు, ఇది అక్కణ్ణుంచి కదిలి, మధ్యలో ముక్కై, ఆ ముక్క కేంద్రకంలోకి వెళ్లి ‘తయారుచెయ్యి, బయట నుంచి తెచ్చుకో’ అని జన్యువులను లేపుతుంది. రెండోది ఎల్ఎక్స్ఆర్, మితిమీరితే లేస్తుంది. కొలెస్ట్రాల్ పోగయ్యే కొద్దీ దాని నుంచి ఆక్సీస్టెరాల్స్ పుడతాయి, తయారీ దారిలోనే డెస్మోస్టెరాల్ అనే సరుకు ఉంటుంది. ఇవి ఎల్ఎక్స్ఆర్‌ని తట్టి లేపితే అది పంపుల జన్యువులను నడుపుతుంది.

ఇప్పుడు మాత్ర సంగతి. జపాన్‌లో సాంక్యో కంపెనీలో అకిరా ఎండో 1971 నుంచి వేల రకాల బూజులను, సూక్ష్మజీవులను జల్లెడ పట్టి, పెనిసిలియమ్ సిట్రినమ్ అనే బూజు నుంచి కాంపాక్టిన్‌ను తీశారు. కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్ ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. స్టాటిన్లు అనే ఆ మందుల వంశంలో మొదటగా మార్కెట్‌కి వచ్చింది లోవాస్టాటిన్, అమెరికాలో 1987లో అనుమతి దొరికింది.

మాత్ర వేసుకుంటే తయారీ తగ్గుతుంది, కాబట్టి నెత్తురులో కొలెస్ట్రాల్ తగ్గుతుంది అని చాలామంది అనుకుంటారు. అసలు కిటుకు అది కాదు. తయారీ ఆగేసరికి కాలేయ కణానికి లోటు అనిపిస్తుంది. ఎస్‌ఆర్‌ఈబీపీ-2 లేస్తుంది. కణం గుమ్మం నిండా ఎల్‌డీఎల్ రిసెప్టర్లు మొలుస్తాయి. నెత్తురులో తిరిగే ఎల్‌డీఎల్‌ని కాలేయం లాగేసుకుంటుంది. రిపోర్టులో అంకె తగ్గేది అలా. కణం ఊరుకోదు కూడా. అదే ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అడ్డుపడిన ఎంజైమ్‌ని ఇంకా ఎక్కువ తయారుచేయిస్తుంది, ఎల్‌డీఎల్ రిసెప్టర్లను నాశనం చేసే పీసీఎస్‌కే9 ప్రోటీన్‌నీ పెంచుతుంది. డోసు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది దాదాపు 6 శాతమే అనడం వెనక ఈ ఎదురుతిరుగుడు ఉంది.

మాక్రోఫేజ్‌లోనూ ఉన్నది అదే ఎంజైమ్, అదే కావలివాళ్లు. అక్కడా మాత్ర పనిచేస్తే ఏమవ్వాలి? లోటు వచ్చిందని ఎస్‌ఆర్‌ఈబీపీ-2 లేస్తుంది, ‘ఇంకా తెచ్చుకో’ అంటుంది. ఆక్సీస్టెరాల్స్ తగ్గి ఎల్ఎక్స్ఆర్ పడుకుంటుంది, పంపులు తగ్గుతాయి. ఇది చాలదన్నట్టు 2010లో మరో మడత పేచీ బయటపడింది. ఎస్‌ఆర్‌ఈబీపీ-2 జన్యువు లోపలే, మధ్య ముక్కలో, మైక్రోఆర్‌ఎన్‌ఏ-33 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ దాక్కుని ఉంది. ఆ జన్యువు చదివిన ప్రతిసారీ ఇదీ పుడుతుంది, పుట్టి ఏబీసీఏ1 పంపు తయారీని అణచేస్తుంది. కణం తరఫున చూస్తే తెలివైన ఏర్పాటే: కరువు కాలంలో సంపాదన పెంచుతూనే ఖర్చుకు కళ్లెం వేయడం. గిన్నెలో పెంచిన మనిషి మాక్రోఫేజులకు స్టాటిన్ పోస్తే నిజంగానే ఏబీసీఏ1 తగ్గింది, బయటికి పోయే కొలెస్ట్రాల్ తగ్గింది. ఇది ఒకరిద్దరు చూసిన విషయం కాదు, పలు ల్యాబుల్లో కనపడింది.

అంటే కాలేయాన్ని బాగుచేసే మీటే మాక్రోఫేజ్ నోరు తెరిచి, వెనక తలుపు మూస్తోందా? ‘కొలెస్ట్రాల్ మందు వల్లే నాళాల్లో కొలెస్ట్రాల్’ అని ఒక శీర్షిక పెట్టేయొచ్చు. పెట్టినవాళ్లూ ఉంటారు. అక్కడ ఆగిపోతే ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టే.

గిన్నెలో కణం, గోడలో కణం

గిన్నెలో ప్రయోగం అబద్ధం చెప్పదు. అది అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుంది, అంతే. ఆ ప్రశ్న ఏమిటో చూడాలి.

మొదటిది డోసు. గిన్నెలో స్టాటిన్ మైక్రోమోలార్ లెక్కలో పోస్తారు. మాత్ర మింగిన మనిషి నెత్తురులో మందు ఎక్కువగా నానోమోలార్ లెక్కలోనే తిరుగుతుంది, పైగా చాలా స్టాటిన్లలో దాని పెద్ద భాగం ప్రోటీన్లకు అంటుకునే ఉంటుంది. తేడా వందల రెట్లు. దీనికి కారణం కాలేయమే. పేగు నుంచి వచ్చిన మందును ముందుగా అందుకుని, చాలా భాగం తనే పట్టేసుకుంటుంది. ప్రవాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి నీటిలో కలిసే రకాలైతే కణంలోకి వెళ్లడానికి ప్రత్యేకమైన రవాణా ప్రోటీన్ కావాలి, అది కాలేయ కణాలకు దండిగా ఉంది. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి కొవ్వులో కలిసేవి కణపొరను కొంత తేలిగ్గా దాటతాయి, కాబట్టి మాక్రోఫేజ్‌ని తాకే అవకాశం వాటికి కాస్త ఎక్కువ. గుండె జబ్బు తగ్గించడంలో మాత్రం రెండు రకాలూ పనికొచ్చాయి.

రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. గిన్నెలో చాలాసార్లు కొలెస్ట్రాల్ తీసేసిన సీరమ్ వాడతారు. అంటే కణాన్ని పస్తు పెట్టి, సొంత తయారీ మీదే బతికేలా చేసి, ఆ తయారీని ఆపుతారు. గిలగిల్లాడక ఏం చేస్తుంది? గోడలో ఉన్న నురగ కణం పరిస్థితి తలకిందులు. బయట నుంచి వచ్చిన కొలెస్ట్రాల్ ముంచెత్తుతుంటే అది సొంత తయారీని ఎప్పుడో కట్టేసింది. మూసేసిన ఫ్యాక్టరీకి తాళం వేస్తే ఎవరికి నష్టం? ముందే కొలెస్ట్రాల్ ఎక్కించిన మాక్రోఫేజులకు స్టాటిన్ ఇచ్చినప్పుడు పంపుల మీద దెబ్బ బాగా తగ్గిపోవడం గిన్నెల్లోనే కనిపించింది.

ఇక మూడోది, నా లెక్కలో తీర్పు చెప్పేది: మాక్రోఫేజ్‌ని తాకాల్సిన అవసరమే లేని మందులు ఏం చేశాయి? పీసీఎస్‌కే9ని అడ్డుకునే ఎవోలోక్యుమాబ్ ఒక యాంటీబాడీ, సూది మందు. హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్‌తో దానికి సంబంధం లేదు. 2017లో వచ్చిన ఫోరియర్ ట్రయల్‌లో 27,564 మంది మీద, స్టాటిన్‌కు తోడుగా ఇస్తే ఎల్‌డీఎల్ ఇంకో 59 శాతం తగ్గింది, గుండెపోట్లూ స్ట్రోకులూ తగ్గాయి. ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని ఆపుతుంది, 18,144 మంది మీద జరిగిన ఇంప్రూవ్-ఇట్‌లో అదీ కొంత మేలు చేసింది. దారులు మూడు వేరైనా, ఎల్‌డీఎల్ ఎంత తగ్గిందో దాదాపు అంత ఫలితం వచ్చింది. మాక్రోఫేజ్ లోపల మీటలతో స్టాటిన్ ఆడే ఆట మంచిదైనా చెడ్డదైనా, ఈ పెద్ద లెక్కను తిరగరాసేంత బలం దానికి ఉన్నట్టు కనపడదు.

గోడలో జరిగేది ఇలా ఊహించుకోవచ్చు. నెత్తురులో ఎల్‌డీఎల్ తగ్గితే గోడలోకి చొరబడేది తగ్గుతుంది, పాడయ్యేది తగ్గుతుంది, మాక్రోఫేజ్ ముందుకి వచ్చే మేత తగ్గుతుంది. నాళం లోపొర చిరాకు తగ్గి కొత్త మోనోసైట్లను (నెత్తురులో తిరుగుతూ, గోడలోకి వచ్చి మాక్రోఫేజులుగా మారే తెల్లకణాలను) పిలవడం తగ్గిస్తుంది. ఉన్న కణం నెమ్మదిగా తన బొట్లను కరిగించి పంపు దగ్గరికి చేరుస్తుంది. ఎలుకల్లోనైతే కొన్ని మాక్రోఫేజులు గోడలో పేరుకున్న కొవ్వు ముద్దను వదిలి వెళ్లిపోవడం కూడా చూశారు. మందు కణానికి వైద్యం చేయలేదు, దాని ముందు విస్తరి తీసేసింది.

కణాన్నే సరిచేద్దామని వెళ్తే

ఈ మాట ఊరికే అనడం లేదు. నేరుగా మాక్రోఫేజ్‌నే మార్చాలని వెళ్లిన మందుల చరిత్ర ఏమంత గొప్పగా లేదు. బొట్లు దాచే ఏసీఏటీని అడ్డుకుంటే నురగ కణాలే పుట్టవు కదా అన్నది ఒక ఆలోచన. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. పాక్టిమైబ్ అనే మందును 408 మంది మీద పరీక్షించి, గుండె నాళాల్లోకి అల్ట్రాసౌండ్ తీగ పంపి చూశారు. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం పేరుకున్న ముద్ద తగ్గే దిశలో మేలు లేకపోగా, కొన్ని కొలతల్లో మందు తీసుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారు. దాచుకునే గాదె తీసేస్తే విడి కొలెస్ట్రాల్ విషమవుతుందన్న పాత భయం గుర్తుందా? బొట్టు రోగలక్షణమే కాదు, కణం చేసుకున్న ఆత్మరక్షణ కూడా.

ఎల్ఎక్స్ఆర్‌ని తట్టి లేపే మందులు ఎలుకల నాళాలను శుభ్రం చేశాయి. కానీ అదే ఎల్ఎక్స్ఆర్ కాలేయంలో కొవ్వు తయారీనీ నడుపుతుంది, నెత్తురులో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరిగాయి. మోసుకెళ్లే హెచ్‌డీఎల్‌నే పెంచుదామని వచ్చిన టోర్సెట్రాపిబ్ ఆ అంకెను 72 శాతం పెంచింది. మందు తీసుకున్నవాళ్లలో మరణాలు పెరగడంతో 2006 డిసెంబర్‌లో ట్రయల్ ఆపేశారు. హెచ్‌డీఎల్ ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, అది మాక్రోఫేజ్ నుంచి ఎంత దించుకుంటుందన్నది వేరే ప్రశ్న అని ఆ దెబ్బతో అందరికీ తలకెక్కింది. రెండోదాన్ని కొలవడానికి, గుర్తుపట్టగల కొలెస్ట్రాల్ ఎక్కించిన మాక్రోఫేజుల మీద రోగి హెచ్‌డీఎల్ పోసి కొన్ని గంటల్లో ఎంత బయటికి వచ్చిందో చూస్తారు. మామూలు రక్తపరీక్ష రిపోర్టులో మాత్రం ఈ అంకె కనిపించదు.

రోగనిరోధక వ్యవస్థలోనే మరో రకం తెల్లకణాలైన టీ కణాల విషయంలో ఒక చిన్న విడ్డూరం. చీలి సంఖ్య పెంచుకోవాల్సిన టీ కణానికి కొత్త పొరల కోసం కొలెస్ట్రాల్ బాగా కావాలి. గుండె మందుగా పనికిరాకుండా పోయిన అవాసిమైబ్ అనే మరో ఏసీఏటీ నిరోధకాన్ని 2016లో ఎలుకల్లో వాడితే, దాచుకోవడం ఆగి పొరలో కొలెస్ట్రాల్ పెరిగి, కేన్సర్ మీద దాడిచేసే టీ కణాలు చురుకెక్కాయి. మాక్రోఫేజ్‌కి విషమైనదే పక్కింటి కణానికి బలమైంది.

పక్కదారి: వాపు, జ్వరం, జ్ఞాపకం

స్టాటిన్ ఆపే దారిలో పుట్టేది కొలెస్ట్రాల్ ఒక్కటే కాదు. మధ్యలో మెవలొనేట్ అనే పదార్థం దగ్గర నుంచి కొన్ని కొమ్మలు చీలతాయి. అందులో జెరనైల్‌జెరనైల్ అనే తోకలు తయారవుతాయి. రో కుటుంబపు ప్రోటీన్లు ఈ తోకతోనే పొరకు తగులుకుని, కణం కదలికనూ వాపు (ఇన్‌ఫ్లమేషన్) సంకేతాలనూ నడుపుతాయి. తోకలు తగ్గితే వాపు తగ్గుతుందని, స్టాటిన్ మేలులో సగం ఇదేనని ఒకప్పుడు గట్టిగా వినిపించేది. 2008లో వచ్చిన జూపిటర్ ట్రయల్‌ని అందుకు సాక్ష్యంగా చూపేవారు. ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి, వాపు సూచించే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 17,802 మందిలో సగం మందికి రోసువాస్టాటిన్ ఇస్తే గుండెపోటు, స్ట్రోక్ లాంటివి 44 శాతం తగ్గాయి. అయితే సీఆర్‌పీ 37 శాతం తగ్గినచోటే ఎల్‌డీఎల్ కూడా 50 శాతం తగ్గింది. ఇద్దరూ కలిసి వెళ్తే దొంగ ఎవరో ఎలా చెప్పడం?

విడదీసి చూపింది 2017 నాటి కాంటోస్. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతాన్ని మాత్రమే అడ్డుకునే కనకినుమాబ్‌ను 10,061 మందిలో పరీక్షించారు. ఎల్‌డీఎల్ కదల్లేదు, 150 మిల్లీగ్రాముల డోసులో గుండె ఘటనలు 15 శాతం తగ్గాయి. వాపుకు సొంత పాత్ర ఉందని తేలింది, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగి దాని ఖరీదూ తెలిసింది. ఆ సంకేతం పుట్టేది ప్రధానంగా మాక్రోఫేజుల్లోనే, కొలెస్ట్రాల్ స్ఫటికాలు గుచ్చుకున్నప్పుడు.

చిత్రంగా, తోకలు తగ్గితే వాపు తగ్గుతుందన్న సూత్రానికి అడ్డంగా ఒక జబ్బు నిలబడి ఉంది. మెవలొనేట్‌ను ముందుకు నడిపే మెవలొనేట్ కైనేజ్ ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలకు తోకలు సరిగా తయారుకావు. వాళ్లకు వచ్చేది మాటిమాటికీ తిరగబెట్టే జ్వరం, కారణం అదే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా. గిన్నెలో మోనోసైట్లకు స్టాటిన్ దండిగా పోసినా ఆ సంకేతం పెరుగుతుంది. మాత్ర మింగిన మనిషిలో మాత్రం సీఆర్‌పీ తగ్గుతుంది. మళ్లీ అదే గిన్నె, అదే డోసు పేచీ.

ఆ పిల్లల నుంచే ఇంకో సంగతి బయటపడింది. వాళ్లలో పేరుకునే మెవలొనేట్ మోనోసైట్లకు ఒకరకమైన ‘తర్ఫీదు’ ఇస్తుంది, వాటి జన్యువుల మీద గుర్తులు మారి, తర్వాత చిన్న కారణానికే పెద్దగా రెచ్చిపోతాయి. పాడైన ఎల్‌డీఎల్ కూడా ఇదే తర్ఫీదు ఇవ్వగలదు, గిన్నెలో స్టాటిన్ దాన్ని ముందే ఆపగలదు. మరి ఇప్పటికే తర్ఫీదు పొందినవాటి మాటేమిటి? పుట్టుకతోనే ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండే కుటుంబాల రోగులకు మూడు నెలలు స్టాటిన్ ఇచ్చి చూశారు, ఫలితం 2019లో వచ్చింది. నెత్తురులో కొలెస్ట్రాల్ దిగింది. మోనోసైట్ల దూకుడు దిగలేదు. మోనోసైట్ నెత్తురులో తిరిగేది కొద్ది రోజులే, మూడు నెలల్లో ఎన్నో తరాలు పుట్టి పోయి ఉంటాయి. మాత్ర మొదలయ్యాక పుట్టినవి కూడా పాత కోపంతోనే వస్తున్నాయంటే, ఆ జ్ఞాపకం ఉన్నది వాటిలో కాదు, వాటిని కనే ఎముక మజ్జలో అయ్యుండాలి.